ధాన్యం బేరం మాట్లాడే చాట్‌బాట్: జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎంతవరకు తోడొస్తుంది?

చాట్‌బాట్ రాయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, జావాస్క్రిప్ట్ తెలిసిన కుర్రవాళ్లు అరగంట చాలంటారు. అందులో అబద్ధం లేదు. టెలిగ్రామ్‌లో కొత్త బాట్లని నమోదు చేసే బాట్‌ఫాదర్ దగ్గర టోకెన్ (బాట్‌కి తాళంచెవి లాంటి కోడ్) తీసుకుని, ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఇన్‌స్టాల్ చేసి, పది పదిహేను లైన్లు రాస్తే చాలు, 'హాయ్' అన్నవాళ్లకి 'నమస్కారం' అని బదులు వెళ్తుంది. కష్టం రెండో మెసేజ్‌తో మొదలవుతుంది. మొదటి మెసేజ్‌లో ఏం మాట్లాడుకున్నారో రెండోదానికి తెలియాలి. మధ్యలో సర్వర్ ఆగి మళ్లీ లేచినా తెలియాలి. అవతలివాళ్లు రేపు పొద్దున బదులిచ్చినా తెలియాలి.

ఈ తేడా బాగా కనిపించే సందర్భం ఒకటి తీసుకుందాం. నెల్లూరు జిల్లాలో పెన్నా కింద వరి కోతలు మొదలయ్యాయి. ధాన్యం కొనే ఒక మిల్లు తన గుమాస్తా మీద ఫోన్ల భారం తగ్గించుకోవడానికి బాట్ పెట్టాలనుకుంది. అది అడగాల్సినవి ఐదే ప్రశ్నలు: ఏ రకం, ఎన్ని పుట్లు (పుట్టి అంటే నెల్లూరు వైపు ధాన్యం కొలత), తేమ ఎంత, ఏ ఊరు, లారీ ఎప్పుడు రావాలి. గుమాస్తా అయితే రెండు నిమిషాల్లో ముగించే మాటలు. ఇదే పనిని గ్రామీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చేస్తే అది ఏ బరువు మోస్తుందో, ఏ బరువు మోయదో విడదీసి చూడటం ఈ వ్యాసం పని. రాయబోయేవాళ్లు ఈ విభజన ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

గ్రామీ టెలిగ్రామ్ బాట్ల కోసం జావాస్క్రిప్ట్‌కే విస్తరణ అయిన టైప్‌స్క్రిప్ట్‌లో రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ. దీని మొదటి పూర్తి వెర్షన్ 2021లో వచ్చింది. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ మీద, డీనో మీద నడుస్తుంది. అంతకుముందే జావాస్క్రిప్ట్‌లో బాట్ల సంప్రదాయం ఉంది. గిట్‌హబ్ సంస్థ తన ఇంటి పనుల కోసం రాసుకున్న హ్యూబాట్ అనే చాట్‌బాట్‌ని 2011లో అందరికీ ఇచ్చింది. ఆ తర్వాత స్లాక్, మెసెంజర్ లాంటి చాలా వేదికలకు ఒకే కోడ్ సరిపోవాలన్న ఆశతో బాట్‌కిట్ వచ్చింది. దాన్ని తయారు చేసిన కంపెనీని 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. బాట్‌కిట్ మైక్రోసాఫ్ట్ బాట్ ఫ్రేమ్‌వర్క్ నీడలోకి వెళ్లింది. ఆ ఫ్రేమ్‌వర్క్‌కీ 2025 చివరితో సపోర్ట్ ఆగింది. పదిహేనేళ్లలోపే ఇన్ని మార్పులు జరిగే రంగం ఇది. కాబట్టి ధర లెక్కలు, ఊళ్ల పేర్లు, కొనుగోలు షరతులు లైబ్రరీ పిలుపుల మధ్య కలిపి రాస్తే, లైబ్రరీ పోయిన రోజున అవీ పోతాయి. వాటిని వేరే ఫైళ్లలో, లైబ్రరీ పేరే ఎత్తకుండా ఉంచడం మొదటి రోజే చేయాల్సిన పని.

మెసేజ్ ఎలా ప్రయాణిస్తుంది

టెలిగ్రామ్ సర్వర్ నుంచి మెసేజ్ బాట్‌కి రెండు దారుల్లో చేరుతుంది. బాటే పదే పదే 'కొత్తవి ఏమన్నా ఉన్నాయా' అని అడగడం ఒకటి, టెలిగ్రామే వెబ్‌హుక్ అనే చిరునామాకి తెచ్చి ఇవ్వడం రెండోది. రెండూ ఒకేసారి కుదరవు. బాట్ ఆగిపోయి ఉంటే టెలిగ్రామ్ ఆ మెసేజ్‌లను 24 గంటల వరకే దాస్తుంది. శనివారం పొద్దున ఆగిన బాట్‌ని సోమవారం లేపితే, శనివారం రైతులు పంపినవి తిరిగి రావు. కోతల సీజన్లో ఇది చిన్న నష్టం కాదు.

లోపలికి వచ్చిన మెసేజ్ మిడిల్‌వేర్ అనే ఫంక్షన్ల వరుస గుండా వెళ్తుంది. కాలువ మీద ఒకదాని తర్వాత ఒకటిగా తూములు ఉన్నట్టు, ప్రతి ఫంక్షన్ తనకు కావలసింది తీసుకుంటుంది, లేదా 'నెక్స్ట్' అని పిలిచి కిందికి వదులుతుంది. ఆ పిలుపు మర్చిపోతే కింద ఉన్న ఫంక్షన్లకి ఏమీ అందదు. ఎర్రర్ కూడా రాదు, బాట్ మౌనంగా ఉండిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటల తరబడి వెతికే తప్పుల్లో ఇదొకటి. ఫలానా మాట వింటే ఫలానా పని చేయమనే 'హియర్స్', కమాండ్‌ని పట్టే 'కమాండ్', ఫొటోనా వాయిసా అని రకాన్ని బట్టి పట్టే 'ఆన్', అన్నీ ఈ వరుసలో కూర్చునేవే. మాటల్లో ఒక నమూనా దొరికితే దానికి తయారుగా ఉంచిన బదులు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా ప్రోగ్రామ్ గురించి 1966లో ప్రచురించినప్పుడే ఆ పద్ధతి ఉంది. 'హియర్స్' ఆ కుటుంబంలోదే.

ఒక మెసేజ్‌కి ఒక బదులు చాలిన చోట ఇంతటితో పని అయిపోతుంది. ఐదు ప్రశ్నల బేరానికి ఇది చాలదు.

ఆగిన మాట మళ్లీ అందుకోవడం

రైతు 'ఎన్ని పుట్లు' దాకా వచ్చి, 'ఆగండి, మా అన్నని అడిగి చెప్తా' అని ఫోన్ జేబులో పెట్టుకున్నారనుకుందాం. బదులు రాత్రికి వస్తుంది. అప్పటివరకు బాట్ ఎక్కడ ఆగిందో ఎవరు గుర్తుపెట్టుకోవాలి?

దీనికి గ్రామీలో రెండు మార్గాలు. మొదటిది సెషన్. ప్రతి చాట్‌కీ ఒక చిన్న ఖాతా తెరిచి, 'ఇప్పుడు రెండో ప్రశ్న దగ్గర ఉన్నాం, రకం చెప్పేశారు' అని అందులో రాసుకోవడం. మామూలుగా ఈ ఖాతా సర్వర్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోయి సర్వర్ పడితే ఖాతా కూడా పోతుంది. ఫైల్‌లోనో డేటాబేస్‌లోనో ఉంచే అడాప్టర్ తగిలించాలి. ఇది తగిలించకుండా ఊరి మీదకి వదిలిన బాట్‌ని పూర్తయిన బాట్ అనకూడదు. ఈ మార్గం నమ్మకమైనదే కానీ, ప్రశ్నలు పెరిగేకొద్దీ 'ఈ దశలో ఉంటే ఇది, ఆ దశలో ఉంటే అది' అనే కొమ్మలు విపరీతంగా పెరిగిపోయి కోడ్ చదవడమే కష్టమవుతుంది.

రెండోది కన్వర్సేషన్స్ ప్లగిన్, అంటే లైబ్రరీకి విడిగా తగిలించే భాగం. ఈ లైబ్రరీలో నిజంగా తెలివైన భాగం ఇదే, జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన భాగం కూడా ఇదే. ఇందులో సంభాషణ మొత్తాన్ని ఒకే ఫంక్షన్‌గా, మనిషి మాట్లాడే వరుసలోనే రాయవచ్చు. రకం అడుగు, బదులు కోసం ఆగు, పుట్లు అడుగు, బదులు కోసం ఆగు. చదివితే గుమాస్తా పని వరుసలాగే ఉంటుంది.

అయితే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఏదీ పదిహేను గంటలు సర్వర్ రీస్టార్ట్‌లని దాటి అలా ఆగి ఉండలేదు. అందుకని ప్లగిన్ వేరే దారి పట్టింది. 'ఆగు' అన్న చోట ఫంక్షన్‌ని అక్కడితో వదిలేసి, అప్పటిదాకా జరిగిన సంఘటనల చిట్టాని దాచిపెడుతుంది. రాత్రి రైతు బదులు రాగానే అదే ఫంక్షన్‌ని మొదటి లైను నుంచి మళ్లీ నడుపుతుంది. పాత ప్రశ్నల దగ్గరికి వచ్చినప్పుడు చిట్టాలోంచి పాత బదులు వెంటనే అందిస్తుంది, అప్పుడు పంపిన మెసేజ్‌లని మళ్లీ పంపదు. అలా క్షణంలో పాత దారంతా నడిచి, సరిగ్గా ఆగిన చోటికి చేరి, కొత్త బదులు అక్కడ ఇస్తుంది. రైతుకి ఇదేమీ కనిపించదు, ఆపిన చోట నుంచే మాట సాగినట్టు ఉంటుంది.

దీని వల్ల వచ్చే చిక్కు రాసేవాళ్లకి కనిపించాలి. మొదటి బదులు రాగానే డేటాబేస్‌లో 'కొత్త విచారణ' అని ఒక వరుస రాసే లైను ఫంక్షన్‌లో ఉందనుకోండి. ఐదు ప్రశ్నలూ ముగిసేసరికి ఫంక్షన్ ఆ లైనుని ఐదుసార్లు దాటుతుంది, ఒకే రైతుకి ఐదు వరుసలు పడతాయి. మిల్లువాళ్లు ఆ లెక్క చూసి లారీలు పురమాయిస్తే నష్టం కాగితం మీదే ఆగదు.

ధర విషయంలో ఇది ఇంకా సున్నితం. రకం చెప్పగానే బాట్ ఆ రోజు ధర తెచ్చి రైతుకి చెప్పింది. రైతు మర్నాడు పొద్దున మిగతా బదులిచ్చారు. ఈలోగా ధర మారింది. ఫంక్షన్ మళ్లీ మొదటి నుంచి నడిచినప్పుడు ధర తెచ్చే లైను కూడా మళ్లీ నడిచి, ఈసారి కొత్త ధర పట్టుకొస్తుంది. రైతు ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లో ఒక ధర, చివర్లో లెక్క కట్టింది ఇంకో ధర. బేరంలో దీన్ని మాట తప్పడం అంటారు, సాఫ్ట్‌వేర్ తప్పని ఎవరూ సర్దుకోరు. దీనికి గ్రామీ ఇచ్చిన మందు 'ఎక్స్‌టర్నల్' అనే పిలుపు. బయటి ప్రపంచాన్ని తాకే ప్రతి పనీ, డేటాబేస్ గానీ ధరల పట్టిక గానీ, దాని లోపల పెడితే మొదటిసారి వచ్చిన ఫలితమే చిట్టాలో దాగి, తర్వాత అన్నిసార్లూ అదే తిరిగి వస్తుంది. గడియారం టైము చూడటానికి, యాదృచ్ఛిక సంఖ్య తీయడానికి కూడా ప్లగిన్ ఇచ్చిన పిలుపులే వాడాలి. ఈ ఒక్క నియమం పాటించలేకపోతే ఈ ప్లగిన్ ముట్టుకోకపోవడమే మేలు.

ఇంకొకటి ఉంది. సగం సంభాషణలో ఉన్నవాళ్లు ఉండగానే ప్రశ్నల వరుస మార్చి కొత్త కోడ్ పెడితే, పాత చిట్టా కొత్త ఫంక్షన్‌తో పొసగదు. తేమ ఎంత అన్నదానికి ఇచ్చిన బదులు ఊరు పేరు దగ్గర పడే ప్రమాదం ఉంది. ప్లగిన్ దాచిన డేటాకి వెర్షన్ నంబర్ ఇచ్చే వీలుంది. నంబర్ మార్చితే పాత సంభాషణలు రద్దవుతాయి. రద్దైనవాళ్లకి 'మళ్లీ మొదలుపెడదాం' అని మర్యాదగా చెప్పే మెసేజ్ మాత్రం రాసేవాళ్లే చూసుకోవాలి. కోతలు ముమ్మరంగా ఉన్న వారంలో ప్రశ్నల వరుస మార్చకుండా ఉండటం అన్నిటికంటే మంచిది.

ఒకేసారి పదిమంది

గ్రామీని మామూలుగా మొదలుపెడితే మెసేజ్‌లని ఒకటి తర్వాత ఒకటిగా తీసుకుంటుంది. ఒకరి కోసం ధరల పట్టిక తేవడానికి ఆరు సెకన్లు పడితే వెనక ఉన్నవాళ్లందరూ ఆరు సెకన్లు ఆగాలి. రన్నర్ అనే ప్లగిన్ పెడితే ఒకేసారి చాలామందివి నడుస్తాయి. అయితే ఇక్కడ మనవాళ్ల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. 'ఇరవై', 'పుట్లు', 'మసూరి' అని ఒక్కో మాటనీ ఒక్కో మెసేజ్‌గా వరుసగా పంపేవాళ్లు చాలామంది. అవి మూడూ పక్కపక్కనే నడిస్తే ఒకే ఖాతాలో ఒకదాని మీద ఒకటి రాసేసుకుంటాయి. ఒకే చాట్ నుంచి వచ్చినవి వరుసలోనే నడవాలని 'సీక్వెన్షలైజ్' అనే మిడిల్‌వేర్‌తో కట్టాలి. ఆ మూడు మెసేజ్‌లూ ఒకే బదులని అర్థం చేసుకోవడం లైబ్రరీ పని కాదు. రెండు మూడు సెకన్లు ఆగి కలిపి చదివే ఏర్పాటు విడిగా రాసుకోవాలి.

వెబ్‌హుక్ వాడేవాళ్లకి మరో జాగ్రత్త. బదులు ఆలస్యమైతే టెలిగ్రామ్ అదే మెసేజ్‌ని మళ్లీ తెచ్చి ఇస్తుంది. రైతు ఒకసారి పంపినది బాట్‌కి రెండుసార్లు అందుతుంది. ప్రతి మెసేజ్‌కీ ఉండే అప్‌డేట్ నంబర్ దాచుకుని, చూసిందే మళ్లీ వస్తే వదిలేయాలి.

పొద్దున్నే అందరికీ ధర పంపాలన్నా హద్దులున్నాయి. బాట్ ఉచితంగా సెకనుకి సుమారు 30 మెసేజ్‌ల వరకే పంపగలదు, 3,000 మందికి పంపాలంటే వంద సెకన్లు పడుతుంది. తొందరపడితే టెలిగ్రామ్ ఆపి, ఇన్ని సెకన్లు ఆగమంటుంది. ఆ ఆగడాన్ని ఆటో రిట్రై ప్లగిన్ చూసుకుంటుంది.

తెలుగు దగ్గర లైబ్రరీ చేతులెత్తేస్తుంది

ఇక్కడినుంచి లైబ్రరీ సాయం సన్నగిల్లుతుంది. అసలు శ్రమ ఇక్కడే ఉన్నా, దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

మొదట కమాండ్లు. టెలిగ్రామ్ కమాండ్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. 'ధర' అని తెలుగులో కమాండ్ పెట్టడం కుదరదు. పోనీ బటన్లు పెడదామంటే, బటన్ మీద కనిపించే పేరు తెలుగులో ఉండొచ్చు గానీ, నొక్కినప్పుడు బాట్‌కి తిరిగొచ్చే డేటా 64 బైట్లు దాటకూడదు. అక్షరాలని బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటీ, గుణింతం గుర్తు ఒక్కోటీ, మూడేసి బైట్లు తీసుకుంటాయి. 'నెల్లూరు మసూరి' అనే రకం పేరు 40 బైట్లు, 'ఇందుకూరుపేట' అనే ఊరి పేరు 33. రెండూ కలిపితే 73, టెలిగ్రామ్ ఆ బటన్‌ని తిప్పి కొడుతుంది. ఇంగ్లిష్‌లో ఇదే పని హాయిగా నడుస్తుంది కాబట్టి ఇంగ్లిష్ ఉదాహరణలు చూసి రాసినవాళ్లకి కారణం వెంటనే తట్టదు. రకానికి ఒక నంబర్, ఊరికి ఒక నంబర్ ఇచ్చి, బటన్‌లో ఆ నంబర్లే పెట్టడం దీనికి పరిష్కారం. ఇంకో లాభం కూడా ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకి మారింది. జిల్లా పేరు కోడ్ నిండా రాసుకున్నవాళ్లు అన్నిచోట్లా దిద్దుకోవాల్సి వచ్చేది. నంబర్లు వాడినవాళ్లకి పట్టికలో ఒక్క వరుస మారిస్తే చాలు.

టైప్ చేసిన మాటని గుర్తుపట్టడం ఇంకో మెట్టు. మాటల్లో నమూనా వెతకడానికి వాడే జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదం హద్దుని చూపే గుర్తుకి ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు, తెలుగు పదానికి హద్దు అది చూడలేదు. యూనికోడ్ (అన్ని లిపులకీ నంబర్లిచ్చే ప్రమాణం) అక్షరాలన్నిటినీ పట్టే పద్ధతి వాడినా, 'అక్షరం' అన్న వర్గంలో గుణింతాలు రావు. 'రేటు' అన్న మాట ఏత్వం దగ్గరా ఉకారం దగ్గరా ముక్కలైపోతుంది. అక్షరాలతోపాటు గుర్తుల వర్గాన్నీ కలిపి అడగాలి. నిడివి లెక్క కూడా అంతే. 'నెల్లూరు' కంటికి మూడు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో ఎనిమిది.

కంటికి ఒకేలా కనిపించి యంత్రానికి వేరుగా ఉండే మాటలూ ఉన్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కాబట్టి ఒక కీబోర్డులో కొట్టిన 'రైతు' ఇంకో కీబోర్డులో కొట్టిన 'రైతు'తో సమానం కాకపోవచ్చు. వచ్చిన ప్రతి మాటనీ ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో ఒకే రూపానికి తెచ్చాకే పోల్చాలి. పొల్లు విడిగా కనిపించడానికి మధ్యలో చేరే కనిపించని గుర్తుని కూడా పోల్చేముందు తీసేయాలి. ఇవి నాలుగైదు లైన్ల పని. మిడిల్‌వేర్ వరుసలో అన్నిటికంటే పైన పెడితే కిందివాటికి శుభ్రమైన మాటే అందుతుంది. లైబ్రరీ నిర్మాణం ఇక్కడ బాగా కలిసొస్తుంది.

ఇంత చేసినా చాలామంది తెలుగు లిపిలో రాయనే రాయరు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడతారు. 'ధర' అన్న మాట అక్కడ ఐదారు స్పెల్లింగుల్లో వస్తుంది. తెలుగు లిపిలో రాసినా విభక్తి పేరుకి అతుక్కునే ఉంటుంది: పొదలకూరులో, పొదలకూరుకి, పొదలకూరుది. పూర్తి పదం కోసం కాకుండా పేరు మొదలు కోసం వెతకాలి. 'ధర ఎంత' అని పుస్తకంలోలాగా అడిగేవాళ్లకంటే 'రేటు ఎట్టుంది', 'ఎంత పలకతా ఉంది', 'లారీ యాడికి వస్తది' అని అడిగేవాళ్లే నెల్లూరు, ఒంగోలు వైపు ఎక్కువ. తయారుగా దొరికే తెలుగు పదపట్టికల్లో ఈ రూపాలు ఉంటాయని ఆశపడటం వృథా. గుమాస్తా పక్కన ఒక వారం కూర్చుని, ఫోన్‌లో వాళ్లు ఎలా అడుగుతున్నారో రాసుకోవడానికి మించిన దారి కనిపించదు.

పుట్టి లెక్క

నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ లెక్క క్వింటాళ్లలో ఉంటుంది. కృష్ణా, గుంటూరు వైపు 75 కిలోల బస్తాలో మాట్లాడతారు. 2025-26లో గ్రేడ్-ఏ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. పుట్టికి 20,306 రూపాయల పైమాట. 75 కిలోల బస్తాకి 1,791 చిల్లర. రైతు 'ఇరవై' అని ఒక్క మాట పంపితే అది పుట్లా, బస్తాలా, క్వింటాళ్లా అని బాట్ తేల్చుకోవాలి. ఇరవై పుట్లంటే 17 టన్నులు, ఇరవై క్వింటాళ్లంటే రెండు టన్నులు. లారీ రావాలా ట్రాక్టర్ చాలా అన్నది ఈ తేడా మీదే ఉంది.

సంఖ్య మాత్రమే కావాలని అడిగే ఏర్పాటు గ్రామీ కన్వర్సేషన్స్‌లో ఉంది. అంకె వచ్చేదాకా ఆగుతుంది, మళ్లీ అడిగే మాట మాత్రం రాసేవాళ్లే పెట్టాలి. కానీ 'పుట్టిన్నర', 'రెండున్నర', 'ముప్పావు' అంకెలు కావు. వీటికి చిన్న అనువాదకం రాసుకోవాలి. అంతకంటే గమ్మత్తైన చిక్కు, వరి రకాల పేర్లే అంకెలు కావడం. '34449' అంటే నెల్లూరు మసూరి, '5204' అంటే బీపీటీ. '34449 ఇరవై పుట్లు' అని ఒకే మెసేజ్ వస్తే, అంకెల కోసం వెతికే బాట్ ముప్పై నాలుగు వేల పుట్లు అనుకోగలదు. రకాల పట్టికతో ముందు పోల్చి, అందులో ఉన్న అంకెని పక్కన పెట్టాకే పరిమాణం వెతకాలి.

రొయ్యల వ్యాపారానికి బాట్ రాసేవాళ్లకీ ఇలాంటిదే ఎదురవుతుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ రొయ్య 100 కౌంట్ కంటే పెద్దది, ధరా ఎక్కువ. అంకె పెరిగితే సరుకు గొప్పదనుకునే కోడ్ ఇక్కడ తలకిందులవుతుంది.

తేమ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ గొడవలన్నీ అక్కడే ఉన్నాయి. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల్లో తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్‌తో కోసి నేరుగా తెచ్చిన ధాన్యంలో అది చాలాసార్లు దాటుతుంది. అప్పుడు తరుగు ఎంత తీస్తారన్నది రైతు అసలు ప్రశ్న. బాట్ దీని మీద నోరు మెదపకుండా ధర మాత్రమే చెబితే, కాటా దగ్గర జరగబోయే తగాదాకి అదే పునాది వేసినట్టు. తరుగు పద్ధతి ముందే రాతపూర్వకంగా, రైతు ఫోన్‌లో మిగిలేలా చెప్పడం ఈ బాట్ చేయగల అతి మంచి పని. గుమాస్తా నోటిమాటలో ఆ వెసులుబాటు లేదు.

టెలిగ్రామా, వాట్సాపా

మన ఊళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది వాట్సాప్. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో మొదలుపెట్టాక, బాట్‌తో మాట్లాడి పని చేయించుకోవడం చాలామందికి అలవాటైంది. అయితే టెలిగ్రామ్‌లో నేర్చుకోవడం సులువు, ఉచితం కూడా. వాట్సాప్‌లో అధికారిక దారి క్లౌడ్ ఏపీఐ, అంటే మన ప్రోగ్రామ్ వాట్సాప్‌తో మాట్లాడే ద్వారం. అది 2022లో అందరికీ తెరుచుకుంది. అక్కడ రైతు చివరి మెసేజ్ పంపిన 24 గంటల దాకే స్వేచ్ఛగా బదులివ్వొచ్చు. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజ్ పంపాలి, దానికి డబ్బు కట్టాలి. ఒక మెసేజ్‌కి బదులు బటన్లు మూడే, జాబితా పెడితే వరుసలు పది. వాట్సాప్ వెబ్‌ని అనుకరించి నడిచే అనధికారిక జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దొరుకుతాయి. అవి వాట్సాప్ షరతులకి విరుద్ధం, వాడితే వాట్సాప్ ఆ నంబర్‌ని బ్లాక్ చేయవచ్చు. ఏళ్లుగా రైతులందరి ఫోన్లలో ఉన్న మిల్లు నంబర్‌ని అలాంటి పందెంలో పెట్టడం సరికాదు.

గ్రామీ టెలిగ్రామ్‌కి మాత్రమే పనికొస్తుంది. అందువల్ల మొదట్లో చెప్పిన విభజనకి ఇక్కడ విలువ తెలుస్తుంది. మాటని శుభ్రం చేసే కోడ్, పుట్లని కిలోలుగా మార్చే కోడ్, రకాల పట్టిక విడిగా ఉంటే వాట్సాప్‌కి మారినా అవి అలాగే పనికొస్తాయి. మారేది మోసుకొచ్చే భాగమే.

ఇప్పుడు ప్రతి పనికీ చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్ పెట్టేద్దామనే ఊపు ఉంది. 'మా బావ కల్లంలో పుట్టిన్నర మసూరి ఉంది, రేపటికి లారీ దొరకతదా' అన్న వాక్యంలోంచి రకం, పరిమాణం, తేదీ విడదీసి ఇవ్వడంలో మోడల్ ఉపయోగం నిజమే. రోమన్ లిపి తెలుగుకీ అది పనికొస్తుంది. వాయిస్ మెసేజ్‌లని అక్షరాల్లోకి మార్చడానికి కేంద్ర ప్రభుత్వ భాషిణి లాంటి సేవలు ఉన్నాయి. కానీ ధర చెప్పే పని, తరుగు లెక్క, లారీ ఖాయం చేయడం మోడల్ చేతికి ఇవ్వకూడదు. అది లేని ధరని నమ్మకంగా చెప్పగలదు. మోడల్ విడదీసిన వివరాలని బాట్ తిరిగి చదివి వినిపించాలి: 'నెల్లూరు మసూరి, పుట్టిన్నర, అంటే 1,275 కిలోలు, రేపు, ఇందుకూరుపేట. సరేనా?' రైతు 'అవును' బటన్ నొక్కాకే డేటాబేస్‌లో రాత పడాలి. మోడల్‌ని పిలిచే లైను కూడా 'ఎక్స్‌టర్నల్' లోపలే ఉండాలి. లేకపోతే ఫంక్షన్ మళ్లీ నడిచిన ప్రతిసారీ అదే వాక్యానికి కొత్త అర్థం రావచ్చు, బిల్లూ పెరుగుతుంది.

ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు చాట్‌లో అడగకపోవడం మంచిది. ఐదు ప్రశ్నల బేరానికి అవి అక్కర్లేదు, దాచినకొద్దీ బాధ్యత పెరుగుతుంది.

చివరి ఏర్పాటు ఒకటి. బాట్‌కి రెండుసార్లు అర్థం కాకపోతే మూడోసారి అదే ప్రశ్న వేయకూడదు. ఆ చాట్‌ని గుమాస్తా ఉన్న గ్రూపుకి పంపి, 'మా మనిషి మీకు ఫోన్ చేస్తారు' అని చెప్పి తప్పుకోవాలి. మిడిల్‌వేర్ వరుసలో అన్నిటికంటే కింద, ఎవరూ పట్టుకోని మెసేజ్‌లు వచ్చి చేరే చోట ఈ ఫంక్షన్ కూర్చుంటుంది. అక్కడికి చేరిన మాటలన్నీ ఒక ఫైల్‌లో దాచి, వారానికోసారి గుమాస్తాతో కలిసి చదివితే, పదపట్టికలో ఏ మాటలు చేర్చాలో వాటంతట అవే తెలుస్తాయి. తొలి కారు కోతల్లో చేరిన మాటలు ఎడగారు (రెండో పంట) ధాన్యం వచ్చేసరికి బాట్‌కి వచ్చేసి ఉంటాయి.